అంకెల ముచ్చట: అరవై నాలుగు కాణీలు, వెయ్యి బైసాలు

కిందటి నెల ఈ శీర్షికలో ఇచ్చిన లెక్క పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒక సంఖ్యను ఎనిమిది లెక్కలో రాస్తే 100 వస్తుంది, అదే సంఖ్యను నాలుగు లెక్కలో రాస్తే 1000 వస్తుంది, ఏమిటా సంఖ్య అని అడిగాము. పదకొండు కవర్లు అందాయి. తొమ్మిదింటిలో సరైన జవాబు ఉంది. ఒక మిత్రులు నూరూ వెయ్యీ ఒకటే ఎలా అవుతాయి, ఇది అచ్చుతప్పు అయి ఉంటుంది, పత్రిక వారు కాస్త జాగ్రత్తపడాలి అని మందలించారు. మా పత్రికలో అచ్చుతప్పులు ఉండవని మేము ఎన్నడూ అనలేదు గాని, ఇది మాత్రం అచ్చుతప్పు కాదు. పదకొండో కవరులో జవాబు పెట్టడం మరచిపోయి చందా మాత్రమే పంపారు. దాన్ని సంతోషంగా జమ కట్టుకున్నాము.

జవాబు 64.

సరైన జవాబుల్లో ఒకటి వాదీ కబీర్ నుంచి అయిదో తరగతి చదువుతున్న పాప రాసింది. 64 అని రాసి, కింద ఒక ప్రశ్న చేర్చింది. "మన రియాల్‌కి 1000 బైసాలు కదా. ఈ 1000ని కూడా నాలుగు లెక్కలో రాశారనుకుంటే రియాల్‌కి 64 బైసాలేనా?" అని. చదివి ముందు నవ్వుకున్నాము. కాదమ్మా, అది పది లెక్కలో వెయ్యే అని ఒక ముక్క రాసి పంపిద్దామనుకున్నాము. తరవాత ఆలోచిస్తే పాప ప్రశ్న అంత తేలిగ్గా వదిలేది కాదనిపించింది. ఈ నెల ముచ్చటంతా దాని చుట్టూనే తిరిగింది. చివరికి మా ఇంటి అటక మీదికి కూడా ఎక్కింది.

ఈ లెక్కలు కొత్తగా చూస్తున్న వారి కోసం ఒక మాట. మనం 325 అని రాస్తే, కుడి చివర అంకె ఒకట్లు, దాని ఎడమది పదులు, ఆ ఎడమది వందలు. ఒక్కొక్క చోటు ఎడమకు జరిగితే విలువ పదింతలవుతుంది. నాలుగు లెక్కలో పదింతలకు బదులు నాలుగింతలు. కుడి చివర ఒకట్లు, తరవాత నాలుగులు, తరవాత పదహార్లు, తరవాత అరవై నాలుగులు. అంకెలు కూడా 0, 1, 2, 3 మాత్రమే. నాలుగు రాగానే పక్క చోటికి ఒకటి వెళ్ళిపోతుంది, మనకు పది రాగానే వెళ్ళినట్టు. కాబట్టి ఆ లెక్కలో 321 అంటే మూడు పదహార్లు, రెండు నాలుగులు, ఒక ఒకటి. మొత్తం 57. 1000 అంటే ఒక్క అరవై నాలుగు, ఇంకేమీ లేదు.

ఇప్పుడు బైసా సంగతి. ఆ మాట మన పైసాయే. అరబ్బీ లిపిలో 'ప' అక్షరం లేదు కనుక 'బ' అయింది. మాట ఊరికే రాలేదు, రూపాయి వెంట వచ్చింది. కచ్ఛీ వర్తకులు మస్కట్టులో తరతరాలుగా అంగళ్ళు నడిపిన సంగతి మత్రా బజారులో తిరిగే వారందరికీ తెలుసు. ఆ రోజుల్లో రేవు పట్టణాల్లో రూపాయీ, లోపలి ఊళ్ళలో మరియా థెరీసా వెండి డాలరూ నడిచేవి. ఆ డాలరు మీద ఎప్పుడు పోసినా 1780 అన్న సంవత్సరమే ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివర, హిజ్రీ 1311 ప్రాంతంలో, సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ మస్కట్టు పేరిట రాగి నాణేలు వేయించారు. వాటి మీద విలువ ఏమని ఉందనుకున్నారు? పావు అణా! అంటే రూపాయిలో అరవై నాలుగో వంతు. మన ఊళ్ళలో కాణీ అన్నది అదే. చిల్లికాణీ చేయదు అని తిట్టే కాణీయే.

ఇండియాలో ఈ అరవై నాలుగు 1957 ఏప్రిల్ 1న పోయింది. రూపాయికి నూరు నయా పైసలు వచ్చాయి. 1959లో గల్ఫ్ దేశాల కోసం ఇండియా వేరే రంగుల్లో ప్రత్యేకంగా రూపాయి నోట్లు వేసింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక చుట్టుపక్కల అప్పటికింకా రూపాయి వాడుతున్న వారిలో చాలామంది వేరే నాణేలు చూసుకున్నారు. ఒమన్ ఇంకొన్నేళ్ళు రూపాయితోనే ఉండి 1970లో రియాల్ సయీదీ తెచ్చుకుంది. సయీదీ పోయి ఒమానీ అయింది గాని బైసా అలాగే ఉంది. రియాల్‌కు వెయ్యి బైసాలు, పది లెక్కలో వెయ్యే.

కాబట్టి పాపకు మా జవాబు ఇది. రియాల్‌కు 64 బైసాలు ఎన్నడూ లేవమ్మా. కాని బైసాకు తాత అయిన పైసా రూపాయికి 64 ఉండేది. ఆ 64ను నువ్వన్నట్టు నాలుగు లెక్కలో రాస్తే 1000. తాతకూ మనవడికీ అంకెలు ఒకటే, లెక్క వేరు. ఇది కేవలం కలిసివచ్చిన వింత, ఎవరూ కావాలని చేసింది కాదు.

అయితే రూపాయికి అరవై నాలుగు ఎందుకు పెట్టుకున్నారు? వ్రేళ్ళు పదే ఉండగా నాలుగుతో ఈ తంటా ఏమిటని కుర్రవాళ్ళు అడుగుతుంటారు. లెక్కపెట్టడానికి వ్రేళ్ళు కావాలి గాని పంచుకోవడానికి సగాలు కావాలి. బెల్లం అచ్చును కత్తితో సగం చేస్తాము, సగాన్ని మళ్ళీ సగం చేస్తాము. అయిదు సమ భాగాలు చేయమంటే ఎంతటి వాడికైనా చేయి వణుకుతుంది. రూపాయిని సగం చేయండి: అర్ధరూపాయి. మళ్ళీ సగం: పావలా. మళ్ళీ: బేడ. మళ్ళీ: అణా. మళ్ళీ: అర్ధణా. మళ్ళీ: కాణీ. ఆరుసార్లు సగం చేసినా ముక్క పడలేదు, ప్రతి మెట్టుకూ ఒక పేరుంది. ఇక రియాల్‌ను సగం చేసి చూడండి. 500, 250, 125. నాలుగోసారి అరవై రెండున్నర బైసాలు. ఆ అర బైసా ఇచ్చే వాడు రువీలో గాని మత్రాలో గాని మాకు ఇంతవరకూ కనిపించలేదు.

పది లెక్కకు వేరే సుఖం ఉంది, అది ఒప్పుకోవాలి. వెయ్యిని అయిదుగురికి పంచవచ్చు, అరవై నాలుగు కాణీలను పంచలేము. ముగ్గురికి పంచడం మాత్రం ఇద్దరి వల్లా కాదు. వెయ్యి బైసాలు ముగ్గురికి 333 చొప్పున పోగా ఒకటి మిగులుతుంది. అరవై నాలుగు కాణీలు ముగ్గురికి 21 చొప్పున పోగా ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన కాణీతోనే తగవు. అందుకేనేమో అణాను నాలుగు కాణీలుగానే కాక పన్నెండు పైలుగా కూడా కోశారు. మా ఊళ్ళో వాటిని దమ్మిడీలనేవారు. రూపాయికి 192 దమ్మిడీలు, ముగ్గురికి తలా 64. అయిదణాల నాలుగు దమ్మిడీలు అని పాతతరం వారు నిద్రలో అడిగినా చెప్పేవారు. చూశారా, మళ్ళీ 64 వచ్చి కూర్చుంది.

ఆ 21ని నాలుగు లెక్కలో రాయండి. 111 వస్తుంది. అరవై నాలుగును మూడుతో భాగిస్తే 111, శేషం 1. పది లెక్కలో వెయ్యిని తొమ్మిదితో భాగించండి. 111, శేషం 1. అంటే మన లెక్కలో తొమ్మిది చేసే పనులన్నీ ఆ లెక్కలో మూడు చేస్తుంది. అంకెలు కూడి తొమ్మిదితో సరిచూసుకునే పద్ధతి మీకు తెలుసు. నాలుగు లెక్కలో అంకెలు కూడి మూడుతో సరిచూసుకోవచ్చు. ఇందాకటి 321నే చూడండి. మూడు, రెండు, ఒకటి కలిపితే ఆరు. ఆరు మూడుతో పోతుంది కాబట్టి 57 కూడా పోతుంది, పందొమ్మిదిసార్లు.

మరో చిన్న సంగతి. నాలుగు లెక్కలో 1000 ఘనమూ, వర్గమూ కూడా. నాలుగును మూడుసార్లు గుణించినా 64, ఎనిమిదిని ఎనిమిదితో గుణించినా 64. పది లెక్కలో వెయ్యి ఘనమే గాని వర్గం కాదు. నాలుగు తానే ఒక వర్గం కాబట్టి దానికి ఈ భోగం దక్కింది. ఇక 1001, అరేబియా రాత్రుల సంఖ్య, ఏ లెక్కలో రాసినా 11తో భాగం పోతుంది. పది లెక్కలో పదకొండు తొంభై ఒకట్లు. నాలుగు లెక్కలో 11 అంటే అయిదు, 1001 అంటే అరవై అయిదు, అయిదు పదమూళ్ళు. కావలసిన వారు ఏడు లెక్కలోనూ ఎనిమిది లెక్కలోనూ సరిచూసుకోవచ్చు.

అరవై నాలుగు అనగానే చదరంగం గళ్ళు గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో దానిలో రెండు, మూడో దానిలో నాలుగు, ఇలా రెట్టించుకుంటూ పోతే మొత్తం ఎన్ని? పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని తెనిగించిన పావులూరి మల్లనదిగా చెప్పుకొనే ఒక పద్యం ఈ మొత్తాన్ని అంకెల పేర్లతో చెబుతుంది. వేదాలంటే నాలుగు, అగ్ని అంటే మూడు, ఆ పద్ధతిలో. ఒకట్ల చోటు నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెలు, గుర్తుంచుకోవాలంటే పద్యం కావలసిందే. అదే నాలుగు లెక్కలోనైతే పద్యం అక్కరలేదు. రెండు గళ్ళ మొత్తం 3. నాలుగు గళ్ళ మొత్తం 15, అంటే 33. ఆరు గళ్ళ మొత్తం 63, అంటే 333. రెండేసి గళ్ళకు ఒక్కో మూడు చేరుతుంది. కనుక అరవై నాలుగు గళ్ళకూ వరసగా ముప్ఫై రెండు మూళ్ళు. అంతే.

రూపాయి ఒక్కటే కాదు, మన ధాన్యపు కొలతలూ ఈ దారిలోనే నడిచాయి. కొలతలు జిల్లాకు కొంత మారేవి గాని మా గోదావరి వైపు వరస ఇది. తూములో సగం ఇరుస, అందులో సగం కుంచం, అందులో సగం అడ్డ, అందులో సగం మానిక, అందులో సగం తవ్వ, అందులో సగం సోల. మళ్ళీ ఆరు సగాలే. తూముకు అరవై నాలుగు సోలలు, రూపాయికి అరవై నాలుగు కాణీలు. ఒక్కొక్క మెట్టు వదిలి చూస్తే తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, మానికకు నాలుగు సోలలు. అచ్చంగా నాలుగు లెక్క. పైన పుట్టి దగ్గర మాత్రం ఇరవై తూములని పెట్టి లెక్క తప్పించారు. రైతుకు పుట్టి వ్రేళ్ళకు అందాలి కాబోలు.

పేర్లే కాదు, రాతలో కూడా మనవాళ్ళు దీన్ని నాలుగు లెక్కలోనే రాసేవారు. ఇది ఈనాటి వారిలో చాలామందికి తెలియదు, మాకూ మొన్నమొన్నటిదాకా సరిగ్గా తెలియదు. తెలుగులో భిన్నాలకు వేరే గుర్తులున్నాయి. నాలుగో వంతులకు నిలువు గీతలు: ౹ ఒక కాలు, ౺ అర, ౻ ముక్కాలు. పదహారో వంతులకు అడ్డగీతలు: ౼ వీసం, ౽ రెండు వీసాలు, ౾ మూడు వీసాలు. ఆ కింద అరవై నాలుగో వంతులకు మళ్ళీ నిలువు గీతలు, అక్కడ ఒక గీత ఒక కాణీ. ఆ కింద మళ్ళీ అడ్డగీతలు. ఇలా ఒక చోటు నిలువు, ఒక చోటు అడ్డం. తూములో మూడు కుంచాలు, రెండు మానికలు, ఒక సోల రాయాలంటే ౻౽౹. అదే మన 321, యాభై ఏడు సోలలు.

ఎందుకిలా మార్చి మార్చి గీయడం? పక్కపక్కన ఉన్న చోట్ల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా. అన్నీ నిలువే అయితే ఆరు గీతలు కనిపిస్తాయి, ఏది ఎక్కడ ఆగిందో తెలియదు. చైనా వారు పూర్వం పుల్లలు పేర్చి లెక్కలు చేసేటప్పుడు సరిగ్గా ఇదే ఉపాయం వాడారు, ఒక చోటు నిలువు, పక్క చోటు అడ్డం. వాళ్ళది పది లెక్క, మనది నాలుగు లెక్క. ఖాళీ చోటుకు కూడా మనకు రెండు గుర్తులు. అడ్డగీతల చోటు ఖాళీ అయితే సున్న, నిలువు గీతల చోటు ఖాళీ అయితే ౸, దాని పేరు హళ్ళి. హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న అని మనం వాడే సామెత ఈ కూడికల పీట మీదే పుట్టి ఉంటుందని మాకనిపిస్తుంది. హళ్ళి చోట హళ్ళి, సున్న చోట సున్న, చేతికి వచ్చింది ఏమీ లేదు. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్ ప్రమాణంలో చోటు దొరికింది. చదవగలిగిన కరణాలు మాత్రం ఆనాటికే తగ్గిపోయారు. మన వైపు కరణాల ఉద్యోగమే 1984లో పోయింది.

ఇంతవరకూ రాసుకున్నాక, ఉదాహరణకు ఒక అసలు కాగితం ఉంటే బాగుండునని మాకు బుద్ధి పుట్టింది. మా తాతగారు ఇంటి పద్దులు స్వయంగా రాసుకునేవారు. ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోను చేసి, అటక మీద ట్రంకుపెట్టెలోంచి ఏదైనా ఒక కాగితం ఫోటో తీసి పంపమన్నాము. వాడు మాకందరికీ తెలిసిన కాగితాన్నే పంపాడు. 1951లో రాసింది. మా మేనత్త చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, కొడుకుతో మా ఊళ్ళోనే వేరే ఇంట్లో ఉండేది. పండిన ప్రతి పుట్టికీ అమ్మాయికి ఇంత ఇవ్వవలసింది అని తాతగారు రాసిపెట్టారు. ఆ ఇంత అన్నచోట తూము గుర్తు, దాని పక్కన మూడు గీతలు.

ఇది మూడు మానికలని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తాతగారు 1953లో పోయారు. ఆ మరుసటేటి పంట నుంచి అత్తయ్యకు పుట్టికి మూడు మానికల చొప్పున నాన్నగారు కొలిపించడం మేము కళ్ళారా చూసినదే. చాకలికీ మంగలికీ మానికల లెక్కనే కొలిచేవారు కనుక అందులో వింత ఏమీ కనపడలేదు. ఈ శీర్షికకు చక్కని ఉదాహరణ దొరికిందని సంబరపడి, ఫోటో కింద "మూడు మానికలు" అని వ్యాఖ్య కూడా రాసుకున్నాము.

కిందటి శుక్రవారం మన సభ్యులొకరి ఇంట్లో భోజనాలకు కలిసినప్పుడు, రాజమండ్రి వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనకు ఆ ఫోటో చూపించాము. ఆయనది కరణీకం ఇల్లు. కళ్ళజోడు సవరించుకుని చూసి, "ముక్కాలు తూము. మూడు కుంచాలండీ" అన్నారు. కాదండీ, మూడు మానికలు అన్నాము. ఆయన మా చేతిలోంచి ఫోను తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "మానికలైతే పడుకుంటాయి కదండీ, ఇవి నిలబడి ఉన్నాయి" అన్నారు. అంతకు రెండు రోజుల ముందే నిలువూ అడ్డమూ అని పై పేరాలన్నీ రాసిన మేము, మా ఇంటి కాగితం దగ్గరికి వచ్చేసరికి గీతలు లెక్కపెట్టాము గాని అవి ఎటు నిలబడ్డాయో చూడలేదు.

నాన్నగారిని తప్పుపట్టాలని మాకు లేదు. ఆయన బోర్డు హైస్కూలులో చదువుకున్నారు. పావు, ముప్పావు అంటే తెలుసు, పై కింద అంకెలతో భిన్నాలు తెలుసు, ఈ గీతలు ఎవరూ నేర్పలేదు. మూడు గీతలు చూశారు, మూడు కొలిచారు. ఒక్క గింజ తగ్గకుండా కొలిచారు. తాలు పోనిచ్చి, తలకొట్టు లేకుండా, మానిక మీద కాస్త గోపురంగానే.

లెక్క వేసి చూశాము, వేయకుండా ఉండలేకపోయాము. మూడు కుంచాలంటే పన్నెండు మానికలు. నాలుగు లెక్కలో పన్నెండు 30, మూడు 3. అంటే జరిగినదల్లా ఒక సున్న జారిపోవడం. ఇక్కడికి కొత్తగా వచ్చిన వారు రసీదు మీద 2.500 చూసి రెండువేల అయిదువందలనుకుని బెంబేలెత్తడం మనకు వేడుక. అక్కడైతే అంగడివాడు నవ్వి సరిచేస్తాడు. ఇది ఇరవై పంటల పాటు ఎవరూ సరిచేయలేదు. పుట్టికి తగ్గింది తొమ్మిది మానికలు. ఆ పొలంలో ఏటా పదహారు పుట్లకు అటూ ఇటూగా పండినట్టు పద్దుల్లో ఉంది. తొమ్మిది పదహార్లు నాలుగు లెక్కలో చాలా తేలిక. తొమ్మిది అంటే 21, పదహారుతో గుణించాలంటే పక్కన రెండు సున్నలు పెడితే చాలు, 2100. అంటే 144 మానికలు, తొమ్మిది తూములు. ఏడాదికి పన్నెండు తూములు రావలసిన ఇంటికి మూడు తూములు వెళ్ళాయి. 1954 నుంచి 1973లో అత్తయ్య ఊరు విడిచి కొడుకు ఉద్యోగం చేసే చోటికి వెళ్ళేదాకా ఇరవై పంటలు. నూట ఎనభై తూములు. తొమ్మిది పుట్లు.

అత్తయ్య ఇప్పుడు లేదు, నాన్నగారూ లేరు. బావ ఉన్నాడు. రెండు రోజులు ఆగి ఆయనకు ఫోను చేశాము. బావా, తాతయ్య కాగితంలో గీతలు నిలువుగా ఉన్నాయి, అవి మానికలు కావు, కుంచాలు అని చెప్పాము. తొమ్మిది పుట్ల లెక్క కూడా చెప్పాము. ఆయన కాసేపు ఏమీ అనలేదు. లైను పోయిందేమో అనుకున్నాము.

"అమ్మ ఒకసారి అడిగిందిరా" అన్నాడు. "నాన్న ఎక్కువ చెప్పినట్టు గుర్తు అన్నయ్యా, ఒకసారి చూడు అని. మామయ్య విసుక్కోలేదు. కాగితం తెచ్చి చూపించాడు. అమ్మకు చదువు రాదు కదా. వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. మూడే ఉన్నాయి. ఇంక అడగలేదు."

ఆ ధాన్యం విలువ ఎంతో ఏదో ఒక పద్ధతిలో కట్టి ఇస్తామని తమ్ముడూ మేమూ అనుకున్న సంగతి చెప్పాము. ఆయన దాని మాట దాటవేశాడు. తను హాస్టల్లో సీటు దొరక్క ఒక ఏడు చదువు ఆపుకున్న సంగతి ఏదో చెప్పబోయి, మధ్యలో ఆపి, అక్కడ ఎండలు ఎలా ఉన్నాయని అడిగాడు. ఫోను పెట్టేసే ముందు, "ఫోటో కాదు, ఆ కాగితం అసలుది నాకు పంపించమను" అన్నాడు. తమ్ముడు దాన్ని రిజిస్టరు పోస్టులో పంపాడు. అందుకని ఫోటో ఈ సంచికలో వేయడం లేదు, పాఠకులు మన్నించాలి.

మీ ఇళ్ళలో ఇటువంటి పాత పద్దులు ఉంటే, వచ్చే సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు చూడండి. ఫోటో తీసేటప్పుడు కాగితం పై అంచు కనపడేలా తీయండి. లేకపోతే గీతలు నిలువో అడ్డమో చెప్పలేము. చదవవలసినవి ఉంటే మాకు పంపండి. పెద్దాయన ఇంకో రెండు నెలలు మస్కట్టులోనే ఉంటారు, చూస్తానని మాట ఇచ్చారు.

వచ్చే నెలకు లెక్క. ఒక సంఖ్యను తొమ్మిది లెక్కలో రాస్తే 1000 వస్తుంది. దాన్ని ఏ లెక్కలో రాస్తే 100 వస్తుంది? వాదీ కబీర్ పాపకు మాత్రం ఇంకొకటి అదనంగా: ఒక తూము ధాన్యంలోంచి మూడు కుంచాల మూడు మానికల మూడు సోలలు కొలిచి ఇచ్చేస్తే ఎంత మిగులుతుంది? కాగితం వాడకుండా చెప్పాలి. జవాబులు వచ్చే నెల పదో తేదీ లోగా అందాలి.